ఉల్టా జాలీ జీవరాజు

నిజామాబాద్ గంజ్ మార్కెట్ వెనక సందులో జీవరాజు జాలీల దుకాణం ఉంది. ఆయన పనిని మెచ్చుకోవాలనుకున్నవాళ్లు కొంచెం తీరిక చేసుకుని వెళ్లాలి. ఒక్క మాటతో అయిపోయే పని కాదది. పసుపు మెరుగుపెట్టే డ్రమ్ముకు చిల్లులు బాగా కుదిరాయని రైతు అంటాడనుకోండి, జీవరాజు తల అడ్డంగా ఊపి, "ఇందుల ఏమున్నదే, ఎవడైనా చేస్తడు" అంటాడు. అక్కడితో రైతు డ్రమ్ము బండికెత్తుకుని వెళ్లిపోతే జీవరాజుకు ఆ పూట అన్నం సయించదు. రైతు కాసేపు నిలబడాలి. అట్లా కాదు జీవరాజన్నా, వేరేచోట చేయిస్తే కొమ్ములన్నీ విరిగిపోయాయి అని మళ్లీ అనాలి. అప్పుడు జీవరాజు ఆ గొప్పను రేకు మీదికో, కొత్త డ్రిల్లు మిషన్ మీదికో నెడతాడు. రైతు వదలకుండా ఇంకోసారి పట్టుబడితే, అప్పుడు మెల్లగా నవ్వి, ఎదురు హోటల్ వైపు చెయ్యెత్తి రెండు చాయ్‌లు చెప్తాడు.

ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదు. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో అందరిదీ అదే వరస. మెచ్చుకునేవాడు వదలకూడదు, మెచ్చుకోలు అందుకునేవాడు వెంటనే ఒప్పుకోకూడదు. మొదటి మాటకే "అవును, బాగా చేశాను" అన్నవాడికి గీర ఉందంటారు. గీర ఉందన్న పేరు ఒకసారి పడితే చెరిపేసుకోవడం మహా కష్టం.

జీవరాజుకు మెచ్చుకోళ్లంటే ప్రాణం. అందుకే మిగతావాళ్లకంటే ఆయన కాస్త గట్టిగా కాదంటాడు. ఆ సంగతి ఆయన భార్య శారమ్మకు బాగా తెలుసు. ఎవరైనా పొగడటం మధ్యలో ఆపేస్తే లోపల్నుంచి ఆమే వచ్చి, "కాదు పటేలా, రెండు దినాలు మస్తు కష్టపడ్డడు" అని అందించి పోతుంది.

ఈ అలవాటే ఆయన్ని ఓసారి చెన్నై దాకా తీసుకెళ్లింది. నిండా ముంచబోయి, చివరికి తనే ఒడ్డున పడేసింది.

జీవరాజుది ఎడపల్లి. తండ్రి పేతురు చెరుకు కోతలకు కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. పదో తరగతి అయ్యాక జీవరాజు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో కుదిరాడు. అది 1981. ఆయన్ని వేసింది జాలీల విభాగంలో. చెరుకు రసం మరిగి చిక్కటి పాకమై, గింజ కట్టిన తర్వాత దాన్ని గిరగిరా తిరిగే పెద్ద డోలు లాంటి మిషన్‌లో పోస్తారు. డోలు లోపలి గోడకు రాగి రేకు జాలీ బిగించి ఉంటుంది. తిరిగే వేగానికి చక్కెర గింజ జాలీకి అంటుకుని లోపలే నిలుస్తుంది, నల్లటి మడ్డి చిల్లుల్లోంచి బయటికి పోతుంది.

ఆ చిల్లులకు ఒక గుణం ఉంది. చక్కెర వైపు మూతి సన్నం, బయటి వైపు వెడల్పు. గరాటును బోర్లించినట్టన్నమాట. సన్న మూతిలోంచి దూరిన మడ్డికి ముందంతా వెడల్పే కాబట్టి ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. అదే జాలీని తిరగేసి బిగిస్తే వెడల్పు మూతిలోంచి మడ్డీ, నలిగిన గింజా కలిసి లోపలికి చొరబడి, సన్న మూతి దగ్గర ఇరుక్కుని కూర్చుంటాయి. అందుకని కొత్తగా చేరినవాళ్లకు ఫోర్‌మన్ లింబయ్య మొట్టమొదట నేర్పే పాఠం అదే. జాలీని అరచేత్తో రాసి చూడాలి. నున్నగా తగిలిన వైపు లోపలికి, గరుగ్గా తగిలిన వైపు బయటికి. లింబయ్యదీ ఎడపల్లే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మిషన్ల మోతలో కూడా ఆయన తిట్టు స్పష్టంగా వినపడేది.

మూడేళ్లు జీవరాజు బుద్ధిగానే రాసి చూశాడు. నాలుగో సీజన్‌లో శారమ్మతో పెళ్లి కుదిరింది. ఆ వారమంతా ఆయన చేతులు ఫ్యాక్టరీలో, ధ్యాస ఇందల్వాయిలో. పిల్లది ఇందల్వాయి మరి. ఆ ధ్యాసలోనే ఒక జాలీని తిరగేసి బిగించాడు. మిషన్ తిరిగింది, మడ్డి పోలేదు. పాకం లోపలే గడ్డకట్టింది. ఆ జాలీని ఊడదీసి, గడ్డను గీకి, వేరే జాలీ బిగించేసరికి షిఫ్టు మొత్తం చేతులు కట్టుకుని నిలబడింది. లింబయ్య తిట్టిన తిట్లకు పక్క విభాగం వాళ్లు కూడా వచ్చి విన్నారు. ఆ తిట్ల చివర్న ఆయన పెట్టిన పేరు "ఉల్టా జాలీ".

పేరు సాయంత్రానికల్లా చెరుకు బండ్ల వరస దాకా పోయింది. మర్నాటికి హోటల్‌కు, ఆదివారానికి చర్చికి చేరింది. పెళ్లిలో తాళి చేతిలోకి తీసుకుంటుంటే వెనకనుంచి ఎవడో, ఒకసారి రాసి చూసి కట్టమన్నాడు. పాస్టర్ కూడా నవ్వాడు. శారమ్మకు ఆ నవ్వెందుకో పెళ్లయిన తర్వాత గానీ తెలియలేదు.

అయితే ఆ తిట్ల గొడవలో జీవరాజు ఒకటి గమనించాడు. ఊడదీసిన ఆ జాలీని కడగడానికి మేకుకు తగిలించాడు. మామూలు జాలీ అయితే కాసేపట్లో కారిపోయి ఆరిపోతుంది. ఇది ఆరలేదు. మర్నాడు చూసినా సన్న మూతుల్లోంచి ఒక్కో చుక్క ఊరుతూనే ఉంది. చీమలు బారు కట్టాయి. లింబయ్య చూసి, ఇంకా కడగలేదేమని మళ్లీ తిట్టాడు. వారం గడిచినా జాలీ ఊరుతూనే ఉంది, చీమలు వస్తూనే ఉన్నాయి. చిత్రంగా ఉందే అనుకున్నాడు గానీ ఎవరికి చెప్తాడు? ఆ జాలీ పేరెత్తితే చాలు, నవ్వే తప్ప ఇంకేం రాదు.

తొంభైల చివర్లో ఫ్యాక్టరీలో పనివాళ్లను తగ్గించినప్పుడు జీవరాజు నిజామాబాద్ వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. పసుపు డ్రమ్ములు, రైస్ మిల్లు జల్లెడలు, బోరు గొట్టాలకు చిల్లులు. చిల్లు ఏదైనా సరే, జీవరాజు దగ్గరికే. అప్పటికీ రైతులు అడ్రసు చెప్పుకునేది "గంజ్ ఎనక ఉల్టా జాలీ దుకాణం" అనే. బోర్డు మీద మాత్రం ఆయన పెద్దక్షరాలతో తన పూర్తి పేరు రాయించుకున్నాడు. ఆ బోర్డును ఎవరూ చదవరు.

ఒకరోజు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వచ్చి టౌన్లో క్లినిక్ నడిపే గుండె డాక్టర్ రామ్‌దాస్ దగ్గరికి శారమ్మ లాక్కెళ్లింది. రామ్‌దాస్ బోధన్ పిల్లవాడే. నొప్పి గ్యాసుదని తేలింది. లేచి రావలసిన జీవరాజు లేవలేదు. బల్ల మీద గాజు సీసాలో వడ్లగింజంత జాలీ గొట్టం ఒకటి కనపడింది మరి. అదేమిటని అడిగాడు. స్టెంట్ అంటారని డాక్టర్ చెప్పాడు. గుండెకు రక్తం పోయే నాళం మూసుకుపోతే, దాన్ని తెరిచి మళ్లీ మూసుకోకుండా లోపల నిలబెట్టే గొట్టమట. దాని మీద మందు పూస్తారట. ఆ మందు నెలల తరబడి కొంచెం కొంచెంగా ఊరాలి, కానీ ఉట్టి లోహం మీద పూస్తే నాలుగు రోజుల్లో కడుక్కుపోతోంది. నిలవడానికి ప్లాస్టిక్ పూత వేస్తే ఆ పూతే కొందరికి పడటం లేదు.

జీవరాజు సీసాను కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు, "సార్, చిల్లు ఉల్టా పెట్టి సూడుండ్రి."

డాక్టర్‌కు అర్థం కాలేదు. బయట రోగులు దగ్గుతూ కూర్చుని ఉండగా జీవరాజు మందుచీటీ వెనక గరాటు బొమ్మ గీసి చూపించాడు. వెడల్పు కడుపులో మందు నింపాలి, సన్న మూతి రక్తనాళం గోడ వైపు ఉండాలి. ఊరుతది సార్, వారం దినాలు చీమలొచ్చినయ్ అన్నాడు. చీమల సంగతి డాక్టర్‌కు తర్వాత విడిగా చెప్పవలసి వచ్చింది.

అక్కణ్నుంచి శారమ్మ వంటింట్లో బెల్లం నిలవలేదు. ఇత్తడి రేకుకు గరాటు చిల్లులు కొట్టడం, బెల్లం పాకం నింపడం, దండేనికి వేలాడదీయడం, కింద గిన్నె పెట్టి చూడటం. డాక్టర్ ఆ లెక్కలన్నీ హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు పట్టుకెళ్లి, వెంట్రుకకన్నా సన్నటి చిల్లులు లేజర్‌తో కొట్టించాడు. అక్కడా చాలా కాలం పట్టింది. మూతి మరీ సన్నమైతే మందు అసలు రాదు, కొంచెం పెద్దదైతే ఒకేసారి వచ్చేస్తుంది. ఏ మందుకు ఎంత మూతి అన్నది డాక్టర్ తేల్చాడు. 2004లో ఇద్దరి పేర్ల మీదా పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. ఆ కాగితంలో తన పేరు చూసుకుని జీవరాజు దాన్ని శారమ్మకు మళ్లీ మళ్లీ చదివి వినిపించాడు. ఇరవై ఏళ్లుగా జనం నవ్విన ఉల్టా జాలీ కిందే సర్కారు ముద్రతో తన అసలు పేరు పడబోతోంది. ఆయనకు కావలసింది అదొక్కటే. మిగతావన్నీ డాక్టర్ చూసుకుంటాడు.

ఆ ఏడు చర్చిలో కోత పండుగకు జీవరాజును సన్మానించారు. శాలువా కప్పారు. డాక్టర్ రామ్‌దాస్ వచ్చి, ఈ ఆలోచన జీవరాజుది, ఇలాంటి బుర్ర కోటికొక్కరికి ఉంటుంది అన్నాడు. మైకు జీవరాజు చేతికిచ్చారు. ఆయన పద్ధతి ప్రకారం తల అడ్డంగా ఊపి, "ఇందుల ఏమున్నది, జాలీల పని తెల్సినోడు ఎవడైనా చేస్తడు" అన్నాడు. అని, రెండో పొగడ్త కోసం మైకు పట్టుకునే నిలబడ్డాడు. ఆ లోపల పంట వేలంపాటకు వేళైపోయిందని పాస్టర్ మైకు తీసేసుకున్నాడు. జీవరాజు దగ్గర డ్రమ్ము చేయించుకున్న రైతు భోజన్న పొలంలో కాసిన గుమ్మడికాయ పాటకొచ్చింది. జనమంతా అటు తిరిగారు. రెండో పొగడ్తా లేదు, మూడో పొగడ్తా లేదు. సన్మానానికి వచ్చిన పేపర్ విలేకరి విన్నది విన్నట్టు రాసుకుని వెళ్లాడు. జిల్లా పేజీలో జీవరాజు ఫోటో, కింద ఆయన మాట.

తర్వాతి ఏడాది స్టెంట్లు చేసే బొంబాయి కంపెనీ ఒకటి అడ్డం తిరిగింది. ఈ పేటెంట్ ఇవ్వొద్దు, చక్కెర ఫ్యాక్టరీల్లో గరాటు చిల్లులు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని తిరగేయడం ఎవరికైనా తట్టేదే అని చెన్నై పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేసింది. జతగా పెట్టిన కాగితాల్లో అన్నిటికన్నా పైన జీవరాజు ఫోటో ఉన్న పేపర్ ముక్క.

డాక్టర్ పెట్టిన వకీలు సుభాషిణి హైదరాబాద్ నుంచి దుకాణానికే వచ్చింది. డ్రమ్ముల మధ్య స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా విడమరిచి చెప్పింది. కొత్తదైతే చాలదు జీవరాజు గారూ, ఆ పని తెలిసిన మామూలు మనిషికి తేలిగ్గా తట్టేది అయి ఉండకూడదు. తట్టేదే అని తేలితే పేటెంట్ లేదు. మీరేమో సరిగ్గా అదే మాట, పని తెలిసినవాడు ఎవడైనా చేస్తాడని, మైకులో అన్నారు.

జీవరాజు తెల్లబోయాడు. ఊరికే అన్న మాట మేడం అన్నాడు. శారమ్మ వచ్చి, అట్లనకపోతే ఏమంటడమ్మా, మొదటి మాటకే అవునంటడా అని అడిగింది. సుభాషిణికి ఆ వరస మొత్తం వివరించి చెప్పారు. ఆమె నవ్వి, ఆఫీసర్‌కు ఇదంతా చెప్పలేను గానీ, కేసు తేలేదాకా మీరు మాత్రం ఆ మాట ఎవరి దగ్గరా అనడానికి వీల్లేదు అంది.

"మరి మెచ్చుకుంటే ఏమనాలె మేడం?"

"అవును, కష్టపడ్డాను అనండి. నిజమేగా."

జీవరాజు చేదు మాత్ర నోట్లో పెట్టుకున్నవాడిలా తలూపాడు.

ఆ రోజునుంచి ఆయనకు మనుషులంటే భయం పట్టుకుంది. రైతు డ్రమ్మును తట్టి బాగుందనేలోపు లోపలికి పారిపోయేవాడు. దొరికిపోయినప్పుడు మాత్రం కళ్లు దించుకుని, "అవును, కష్టపడ్డ" అనేవాడు. రైతులు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. పేపర్ల ఫోటో పడ్డంక మనిషి మారిండు అని గంజ్ అంతా అనుకున్నారు. భోజన్న రెండో డ్రమ్ము కామారెడ్డిలో చేయించుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ లింబయ్య ఇంట్లో తగిలింది. మనవడి పుట్టువెంట్రుకలకు లింబయ్య పిలిస్తే జీవరాజు, శారమ్మ ఎడపల్లి వెళ్లారు. పందిట్లో బంతి సాగుతోంది. లింబయ్య ముసలివాడయ్యాడు గానీ గొంతు తగ్గలేదు. జీవరాజు భుజం మీద చెయ్యేసి, నేను పని నేర్పిన పిల్లగాడు, గుండె డాక్టర్లకే ఉపాయం చెప్పిండు అని బంతి మొత్తానికి వినిపించాడు. అందరూ జీవరాజు వైపు చూశారు. ఆయన గొంతు దాకా వచ్చిన మాట మింగేశాడు. బంతిలో విలేకరులు ఎవరైనా ఉన్నారేమో అని ఒకసారి అటూ ఇటూ చూశాడు. తర్వాత, "అవునన్నా. శాన కష్టపడ్డ. ఇంకెవ్వరికి తట్టలే" అన్నాడు.

పందిరి ఒక్కసారి చల్లబడింది. లింబయ్య భుజం మీంచి చెయ్యి తీసుకుని, పప్పు బకెట్ పట్టుకుని అవతలి వరసకు వెళ్లిపోయాడు. మళ్లీ ఈ వరసకు రాలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో జీవరాజు, పేటెంట్ వస్తే రానీ, పోతే పోనీ, నాకు మనుషులు కావాలె అన్నాడు. అది అబద్ధమని శారమ్మకు తెలుసు. రెండూ కావాలి ఆయనకు.

విచారణ తేదీ దగ్గరపడింది. సుభాషిణి ఫోన్ చేసి, చక్కెర జాలీల పనిలో ముదిరిన మనిషి ఎవరైనా వచ్చి, ఇలా తిరగేయడం మాలో ఎవరికీ తట్టలేదు, తప్పనే అనుకునేవాళ్లం అని చెప్తే బాగుంటుంది అంది. జీవరాజు కాసేపు నసిగి, తన పాత పేరు సంగతి చెప్పాడు. సుభాషిణి వెంటనే, ఇన్నాళ్లూ ఈ పేరు నాకెందుకు చెప్పలేదు, ఈ పేరు పెట్టిన మనిషి ఇంకా ఉన్నాడా అని అడిగింది.

ఉన్నాడు. మాట్లాడటం లేదు, అంతే.

మర్నాడే జీవరాజు, శారమ్మ ఎడపల్లి వెళ్లారు. లింబయ్య గడప దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమన్నాడు గానీ మొహం అటు పెట్టుకునే అన్నాడు. జీవరాజు విషయం చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో లింబయ్య, అంత పెద్దోనివి, నా అసొంటోనితోని నీకేం పని అన్నాడు. ఆ ఒక్క మాట అంటే చాలు, ముసలాయన కరిగిపోతాడు. అనడానికి మాత్రం వీల్లేదు.

శారమ్మ ముందుకు జరిగింది. "అన్నా, వకీలమ్మ ఈయన నోరు కట్టేసింది. నన్నైతే ఏమనలే. ఈయన తరపున నేనంటున్న, విను. ఇందుల ఏమున్నది అన్నా, నువ్వు నేర్పిన పనే. ఎవడైనా చేస్తడు."

లింబయ్య ఆమె వైపు చూశాడు, జీవరాజు వైపు చూశాడు. జీవరాజు గడప వైపు చూస్తూ చిన్నగా తలూపుతున్నాడు. నోరు కట్టేయడమేందని లింబయ్య అడిగాడు. మొత్తం కథ విన్నాక ముసలాయన మంచం కోళ్లు కదిలేలా నవ్వాడు. పందిట్లో విలేకరుల కోసం వెతికావా అని మళ్లీ మళ్లీ అడిగి నవ్వాడు. చెన్నై రావడానికి ఒప్పుకున్నాడు. అయితే ఒప్పుకుంటూ ఒక మాట అన్నాడు. నీ మీద ఒక్క పొల్లు మాట రానియ్య తమ్మీ, నువ్వు బేఫికర్ ఉండు. జీవరాజుకు ఆ మాట అప్పుడు చాలా ముద్దుగా వినిపించింది.

చెన్నైలో పేటెంట్ ఆఫీసు గది వాళ్లనుకున్నంత పెద్దదేం కాదు. పొడుగు బల్ల, ఒక చివర ఆఫీసర్. ఆయనది నెల్లూరు. తెలుగు బాగా వచ్చు గానీ ఎడపల్లి తెలుగుకు కొంచెం చెవులు సవరించుకోవలసి వచ్చింది. కంపెనీ వకీలు నెరిసిన తల, మెత్తటి మనిషి. తెలుగు రాదు కాబట్టి సుభాషిణి ఇంగ్లీషులోకి మార్చి చెప్పేలా, తేడా వస్తే ఆఫీసర్ దిద్దేలా ఏర్పాటైంది. డాక్టర్ రామ్‌దాస్ చిల్లుల కొలతలన్నీ చక్కగా వివరించాడు. కంపెనీ వకీలు వాటి జోలికి పోలేదు. పేపర్ ముక్క బల్ల మీద పెట్టి, ఇది కనిపెట్టినవాళ్లే చెప్పిన మాట అన్నాడు.

తర్వాత లింబయ్యను అడిగారు. కొత్త తెల్ల చొక్కా, మడతలు విప్పిన గుర్తులతో సహా. జీవరాజు జాలీ తిరగేసి బిగించినప్పుడు మీరంతా ఏమనుకున్నారు అన్నది ప్రశ్న.

లింబయ్య గొంతు సవరించుకుని, జీవరాజు చాలా మంచి పనిమంతుడని చెప్పాడు. తన చేతి కింద అలాంటివాణ్ని చూడలేదన్నాడు. సుభాషిణి మెల్లగా, తిరగేసిన సంగతి చెప్పండి పెద్దాయనా అంది. అబ్బే, గది పెద్ద సంగతేం కాదమ్మా, గసొంటియి అయితుంటయి అన్నాడు లింబయ్య. పరాయి ఊళ్లో, నలుగురు పెద్దమనుషుల ముందు, తను పని నేర్పిన పిల్లవాడి తప్పు బయటపెట్టే మనిషి కాదాయన. ఏదో పేరు కూడా పెట్టారట కదా అంది సుభాషిణి. యాదికి లేదన్నాడు.

సుభాషిణి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. డాక్టర్ పైకప్పు చూస్తున్నాడు. పెద్ద సంగతేం కాదు, అయితుంటయి అన్న ముక్కను కంపెనీ వకీలు అనువాదం అందగానే రాసుకున్నాడు.

అప్పుడు ఆఫీసర్ జీవరాజు వైపు తిరిగాడు. మీరు చెప్పండి, మీ ఫ్యాక్టరీలో ఇంత అనుభవం ఉన్నవాళ్లున్నారు, ఈ లింబయ్య గారే ఉన్నారు. ఈ ఆలోచన వాళ్లకు ఎందుకు రాలేదంటారు?

జీవరాజు లింబయ్యను చూశాడు. ముసలాయన రాత్రంతా రైల్లో నిద్రపోలేదు. జొన్నరొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని, ఎవరి మీదా పొల్లు మాట రాకుండా కాపలా కాస్తున్నవాడిలా కూర్చున్నాడు. ఆ మనిషి ఎదురుగా, నాకే తట్టింది, ఈయనకు తట్టలేదు అని ఎట్లా అంటాడు? ఒకసారి అన్నాడు, ఆ పందిరి ఇంకా కళ్లముందే ఉంది. పేరు కోసం మళ్లీ అనడం ఆయన వల్ల కాలేదు.

"ఇందుల ఏమున్నది సార్," అన్నాడు జీవరాజు. సుభాషిణి కళ్లు మూసుకుంది. "లింబన్నకు నాకంటె ముందే తట్టి ఉంటది. ఆయనైనా జాలీ ఉల్టానే పెడుతుండె."

లింబయ్య ఒళ్లోని మూట కింద పడింది.

"నేనా? నేను ఉల్టా జాలీ పెడ్తనా? ఏం మాట్లాడుతున్నవ్ జీవరాజూ." గొంతు ఫ్యాక్టరీ రోజుల్లోకి వెళ్లిపోయింది. బయట వరండాలో ఎవరో ఆగి చూశారు. "సార్, నా సర్వీసుల వేల జాలీలు నా చేతుల మీదికెల్లి పోయినయి. ఒక్కటి ఉల్టా పోలే. జాలీ పని తెల్సినోడు సచ్చినా గట్ల పెట్టడు. గీ ఒక్కడే పెట్టిండు. షిఫ్టు మొత్తం చేతులు కట్టుకొని నిలవడ్డది. ఉల్టా జాలీ అని పేరు పెట్టింది నేనే. ఇరవై ఏండ్ల సంది బోధన్ బోధనంత గీన్ని గట్లనే పిలుస్తది. నేను ఉల్టా పెడ్తనట."

ఆఫీసర్ చకచకా రాసుకుంటున్నాడు. కంపెనీ వకీలు ఏమిటన్నట్టు చూశాడు. సుభాషిణి ఒక్కో వాక్యాన్నీ పండు ఒలిచినట్టు ఒలిచి ఇంగ్లీషులో ఆయన ముందు పెట్టింది. సచ్చినా అన్న మాటను కూడా వదల్లేదు. ఆయన పాపం నిదానస్తుడు, చివరికి ఒకటే అడిగాడు. మరి, దరఖాస్తులో రాసినట్టు ఆ జాలీలోంచి మడ్డి రోజుల తరబడి ఊరుతుంటే మీరెవరూ చూడలేదా?

"సూసినం సార్," అన్నాడు లింబయ్య, ఇంకా రొప్పుతూనే. "సూసి, కడగమని తిట్టినం."

కంపెనీ వకీలు పేపర్ ముక్కను తిరిగి ఫైల్లో పెట్టుకున్నాడు.

బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాక గానీ లింబయ్యకు తనేం చేశాడో తెలియలేదు. గ్లాసు పట్టుకుని తాగకుండా, తమ్మీ, పరాయి ఊర్ల నీ ఇజ్జత్ తీసిన అని కుమిలిపోయాడు. జీవరాజు ఆ మాట వినడం లేదు. నవ్వుతున్నాడు. లోపల కావాలనే అలా అన్నారా అని సుభాషిణి అడిగితే, ఆయన ఆ రోజు, లేదు మేడం, అలవాటుగా వచ్చింది అన్నాడు. గంజ్‌లో చెప్పేటప్పుడు మాత్రం, లింబన్న గుణం తెలిసే అన్నా అని చెప్తాడు. శారమ్మ రెండూ వింటుంది, రెంటికీ తలూపుతుంది.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. దరఖాస్తులో కోరినవాటిలో కొంత కత్తిరించారు. గరాటు చిల్లు ఎవరి సొత్తూ కాదన్నారు. మందు నింపి, సన్న మూతి నాళం గోడ వైపు పెట్టిన స్టెంట్‌కు మాత్రం పేటెంట్ ఇచ్చారు. ఆ పనిలో ఆరితేరినవాళ్లు చిల్లు తిరగేయడాన్ని ఉపాయంగా కాక తప్పుగానే చూశారని, చూసి నవ్వారని అందులో రాసి ఉంది. సుభాషిణి ఫోన్లో ఆ ముక్క చదివి, ఇద్దరి పేర్లూ చదివి, ఇక మీ నోటికి సెలవిచ్చాను జీవరాజు గారూ, ఎవరైనా పొగిడితే మీ ఇష్టమొచ్చినట్టు కాదనుకోండి అంది.

ఆ సాయంత్రమే జీవరాజు కిలో పేడాలు కట్టించుకుని శారమ్మతో ఎడపల్లి బస్సెక్కాడు. లింబయ్య గడప దగ్గర మంచం మీదే ఉన్నాడు. విషయం విని పేడా నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలాడు.

"అన్నా," అన్నాడు జీవరాజు, "ఆ దినం నువ్వు నన్ను తిట్టకపోతే ఈ కాగితం రాకపోవు. నా పేరు నిలవెట్టింది నువ్వే."

లింబయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఇందుల ఏమున్నది తమ్మీ. నీ అసొంటోన్ని ఎవడైనా తిడుతడు."

అని, ఎటో చూస్తున్నట్టు వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. జీవరాజు చెప్పులు పక్కకు విడిచి, మంచం పట్టె మీద ఆయన పక్కనే సర్దుకుని కూర్చున్నాడు. అట్లా కాదన్నా అని మొదలుపెట్టాడు.